పదేళ్ళకొక చరణం

అశ్వారావుపేట దాటి అడవి వైపు పోయే రోడ్డు మీద, పామాయిల్ తోటలు రెండు పక్కలా మూసుకొచ్చే చోట ఒక పాత క్రైస్తవ మందిరం ఉంది. ఆ మందిరం వాళ్ళు తమ మనుషులను ఊరికే మట్టి చేయరు, పాటతో పంపుతారు. పాట ఎక్కడ లేదు అంటారేమో. పుస్తకంలో అచ్చైన పాటలు వీళ్ళకూ ఉన్నాయి, కానీ అవి ఇంటి దగ్గరే అయిపోతాయి. పెట్టె భుజాలకెత్తాక పాడేది పోయిన మనిషి పాట. పల్లవి రెండు వరుసలు, అది అందరికీ ఒకటే. చరణాలు మాత్రం ఎవరివి వారివి. పదేళ్ళకొక చరణం, చరణానికి నాలుగు వరుసలు, ఆ నాలుగు వరుసల్లో ఆ పదేళ్ళలో జరిగిన ఒక్క నిజం. పది నిండకపోయినా, మొదలైతే చరణం ఉన్నట్టే. మోసేవాళ్ళ అడుగు తప్పకుండా మొత్తం అయిదేసి మాత్రల నడక.

మందిరం నుంచి సమాధుల తోట దాకా నిదానంగా నడిస్తే ఎనిమిది చరణాల దూరం. డెబ్బై దాటి పోయినవాళ్ళ పాట సరిగ్గా గేటు దగ్గర ముగుస్తుంది. నలభైలో పోతే సగం దారిలోనే పాట అయిపోతుంది. చిన్నపిల్లలకు ఒక్కటే చరణం. మందిరం మలుపు తిరగకముందే అయిపోతుంది. అక్కణ్ణుంచి గేటు దాకా ఒట్టి పల్లవే. ఆ పల్లవి వింటూ నడవడం కంటే మోయడం తేలికని మగవాళ్ళు పెట్టె కిందికి పోటీ పడి దూరుతారు.

ఈ పాటలు కట్టేది సంపూర్ణ. అరవై నాలుగేళ్ళు. అంగన్‌వాడీ టీచరుగా చేసి దిగిపోయింది. పెళ్ళి కాలేదు, కుదిరినట్టే కుదిరి ఒకటి తప్పిపోయింది, ఆ తర్వాత ఆమె అడగలేదు, ఎవరూ చూడలేదు. పాట కట్టడం తండ్రి నేర్పాడు. ఆయన పేరు లూకా, ఈ మందిరంలో ప్రార్థనలు నడిపే ఉపదేశి. మనిషి పోయాడని కబురు రాగానే సంపూర్ణ ఆ ఇంటికి వెళ్ళి ఒక మూల కూర్చుంటుంది. ఏడుపులు కాస్త తెరిపిచ్చాక, “మొదటి పదిల ఏం చేసేటోడు?” అని మొదలుపెడుతుంది. రెండో పది, మూడో పది. మంచివాడు, దయగలవాడు అంటే ఆమె దగ్గర చెల్లదు. “పోయినోళ్ళందరు మంచోళ్ళే. గది చెప్పనీకె నేనెందుకు? ఏం చేసిండో చెప్పుండ్రి” అని కసురుతుంది. ఆమెకు ముక్కు సూటి, నాలుక వాడి. చావింట్లో కూడా ఆ వాడి తగ్గదు. అయినా జనం ఓర్చుకుంటారు, ఎందుకంటే ఆ కసురుకే ఎవరో ఒకరికి ఏదో ఒకటి గుర్తొస్తుంది. పరీక్ష నాడు వాగు పొంగితే హాల్ టికెట్ నోట కరుచుకొని ఈదిన పిల్ల, ముప్పై ఏళ్ళ వయసులో మొదటిసారి రైలెక్కి దిగవలసిన ఊరు దాటిపోయిన మనిషి. అలాంటివి చరణాలయ్యాయి.

ఒక్కటే కట్టుబాటు ఉంది. బతికున్నవాళ్ళను వాళ్ళ బతుకు గురించి అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పవచ్చినా వినకూడదు. లూకా ఉపదేశి కాలంలో ఒక ముసలాయన తన చరణాలు తానే చెప్పుకున్నాడు. తన పాట తాను చెవులారా వినాలని కోరిక. ఉపదేశి సరదాపడి కట్టి వినిపించాడు. ముసలాయన నాలుగో నాడు పోయాడు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి, పోక ఏం చేస్తాడు? కానీ ఆ ఇంటివాళ్ళు పాట కట్టి చంపావన్నారు. ఉపదేశి బైబిల్ మీద చెయ్యేసి ఇక ఈ జన్మలో అడగనని చెప్పాడు. ఆ మాట కూతురికి వారసత్వంగా వచ్చింది.

ఆ కట్టుబాటే సంపూర్ణ బతుకును ఒంటరి చేసింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకుంటూ, ఆమె బిందె కనబడగానే టమాటా ధరల్లోకి దిగిపోతారు. జ్వరంతో పడుకున్న మనిషిని చూడబోతే ఇంటివాళ్ళు గడపలోనే నిలబెట్టి, “నిద్రపోయిండమ్మా, మంచిగనే ఉన్నడు” అని చెప్పి పంపుతారు. పెళ్ళిళ్ళకు పిలుస్తారు, పక్కన కూర్చోరు. నలభై ఏళ్ళుగా ఇదే వరస. ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళందరి బతుకులూ ఆమెకు తెలుసు. బతికున్నవాళ్ళలో ఒక్కరిదీ తెలియదు. ఆమెది తెలిసినవాళ్ళు అసలే లేరు.

పోయిన చలికాలంలో వీరన్న చనిపోయాడు.

వీరన్న పామాయిల్ గెలలు కోసే కూలి. పదకొండేళ్ళ కింద వచ్చి, వడ్రంగి అహ్మద్ పాషా దుకాణం వెనక గదిలో కిరాయికి దిగాడు. ప్రతి ఆదివారం తెల్లచొక్కా వేసుకొని మందిరంలో ఆఖరి బెంచీ మీద కూర్చునేవాడు. ప్రార్థన అయ్యాక అందరికంటే ముందు లేచి వెళ్ళిపోయేవాడు. ఒక మధ్యాహ్నం పనికి రాలేదేమని తోటి కూలి రూప్‌సింగ్ వచ్చి తలుపు తడితే పలకలేదు. దవాఖానాలో గుండె ఆగిందని రాసిచ్చారు. ఆధార్ కార్డు మీద నలభై ఎనిమిదేళ్ళు, ఊరు కారేపల్లి. పాస్టరు సుకుమార్ కారేపల్లికి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఆ ఇంటి నంబరులో ఇప్పుడు వేరేవాళ్ళు ఉన్నారు. వీరన్న ఎవరో వాళ్ళకు తెలియదు.

సుకుమార్ పాతికేళ్ళ కుర్రపాస్టరు, మంచివాడే. సాయంత్రం సంపూర్ణ గేటు దగ్గరికి వచ్చి బండి దిగకుండానే చెప్పాడు.

“రేపు పొద్దుగాల తొమ్మిదింటికి అమ్మా. ఎవ్వరు లేరు గద, ఒక్క చరణం చాలు. జల్దీ అయిపోతది.”

“ఒక్క చరణం చిన్నపిల్లలకు అయ్యగారూ. ఆయన అయిదో పదిల ఉన్నడు.”

“అయిదు ఎట్ల తెస్తరు? చెప్పెటోళ్ళే లేరాయె.”

“అడుగుత” అని ఆమె చెప్పులు వేసుకుంది.

సుకుమార్‌కు తెలియదు గానీ, ఆ అయిదు చరణాలు ఆమెకు అప్పుడు ప్రాణంతో సమానం. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి ఒక్క చరణంతో పోవచ్చని ఈ మందిరం ఒకసారి ఒప్పుకుంటే, రేపు తన పాట కూడా మందిరం మలుపు దాటదు. అది ఆమెకు పగటి వెలుగంత స్పష్టంగా కనబడింది.

పాషా దుకాణంలో పెట్టె తయారవుతోంది. చుట్టుపక్కల మందిరాలన్నిటికీ పెట్టెలు చేసేది ఆయనే. సంపూర్ణను చూసి రంపం ఆపాడు.

“ఎట్లుండేటోడు పాషా?”

“సలాం అంటె సలాం అనేటోడక్కా. గంతే. తాగుడు లేదు, లొల్లి లేదు. శనివారం సాయంత్రం సర్వగిన్నెల నిప్పులు పోసి చొక్కా ఇస్త్రీ చేసుకునేటోడు.”

“ఇక్కడికి రాకముందు ఏడుండె?”

“అడగలే.”

“పెండ్లాం పిల్లలు?”

పాషా చెక్కపొట్టు దులుపుకున్నాడు. “అడగలే అక్కా” అన్నాడు మళ్ళీ.

రూప్‌సింగ్ గుమ్మంలో కూర్చొని ఉన్నాడు. అతన్ని అడిగింది. అతను ఒక్క సంగతి చెప్పాడు. వీరన్న గెల మీద కత్తి పెట్టేముందు మట్టల సందులోకి తల ఎత్తి చూసేవాడట. పిట్టగూడు కనబడితే ఆ చెట్టు వదిలేసి పక్కదానికి పోయేవాడట. మేస్త్రీ తిట్టేవాడు. వీరన్న వినేవాడు కాదు. పిల్లలు ఎగిరిపోయాక వచ్చి అప్పుడు కోసేవాడు. “పండు రాలిపోతె రాలిపోనీ అనేటోడమ్మా. గదొక్కటే మాట గట్టిగ అనంగ విన్న” అన్నాడు రూప్‌సింగ్.

అయిదో చరణం దొరికింది. మిగతా నాలుగు ఎక్కడ? సంపూర్ణ గదిలోకి వెళ్ళి చూసింది. చాప, సర్వ, దండెం మీద ఉతికిన తెల్లచొక్కా, మూలకు ఆనించిన గడకత్తి. ఒక్క ఫోటో లేదు, ఒక్క ఉత్తరం ముక్క లేదు. ఫోనులో మేస్త్రీ నంబరూ రూప్‌సింగ్ నంబరూ తప్ప లేవు. ఆమె ఆ చాప పక్కన కూలబడిపోయింది. అలసిపోయి కాదు. అంతసేపూ తోసిపుచ్చుతున్న సంగతి అప్పుడు ఎదురుగా వచ్చి నిలబడింది.

మూడేళ్ళ కింద వీరన్న ఆమె ఇంటికి వచ్చాడు. ఎవరినో మట్టి చేసి వచ్చి ఆమె కాళ్ళు కడుక్కుంటోంది. గేటు బయట నిలబడి, తువ్వాలు చేతుల్లో నలుపుతూ అన్నాడు.

“అమ్మా, నాకెవ్వరు లేరు. నాయి అయిదు నేనే చెప్పిపోత. మీరు యాదికుంచుకుంటె చాలు.”

అయిదు అని లెక్క కూడా వేసుకొచ్చాడు. నోట్లో మాట సిద్ధంగా ఉంది, చెప్పడానికి ఊపిరి కూడా తీసుకున్నాడు. ఆమె చెంబు కింద పెట్టి, “తప్పు వీరన్నా, బతికున్నోళ్ళయి వినరు. నూరేండ్లుండు, పో” అంది. అతను, “అవ్ అమ్మా” అని గేటు గొళ్ళెం చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు. తండ్రి మాట నిలబెట్టానని ఆమె ఆ వారమంతా గర్వపడింది. అప్పటి పాస్టరుకు చెప్పి మెప్పు కూడా పొందింది.

వినడానికి ఎంతసేపు పట్టేది? అన్నం ఉడికేంతసేపు. నాలుగు పదుల బతుకు ఆ గేటు బయటే ఉండిపోయింది. తీసిన ఊపిరి అలాగే మింగి వెళ్ళిన మనిషి మళ్ళీ ఎవరికీ చెప్పి ఉండడు. ఆమెకు ఏడుపు వచ్చింది. పాట కట్టబోయిన పరాయి ఇంట్లో సంపూర్ణ ఏడవడం అదే మొదలు. బయట పాషా రంపం ఆపాడు గానీ లోపలికి రాలేదు.

ఇంటికొచ్చి దీపాలవేళ కాగితం పెట్టుకొని కూర్చుంది. అబద్ధం కట్టడం ఆమెకు చేతకాక కాదు. కారేపల్లి చేలల్లో మేకలు కాసిన పిల్లవాడని ఒక చరణం దానంతటదే వచ్చేసింది. అయిదేసి మాత్రలూ చక్కగా అమరాయి, ప్రాస కూడా కుదిరింది. రేపు పాడితే ఎవరూ కాదనరు. అయితే వీరన్న మేకలు కాశాడో, బడికి పోయాడో, ఎవరింట్లో పాలేరుగా ఉన్నాడో ఆమెకేం తెలుసు? ఎవరికైనా సరిపోయే చరణం ఎవరిదీ కాదని తండ్రి అనేవాడు. ఆ కాగితం చించి పొయ్యిలో వేసింది.

మర్నాడు పొద్దున ఇరవై మందికి మించి రాలేదు. ఎవరూ ఏడవలేదు, ఏడ్చేంత ఎరిగినవాళ్ళు లేరు. పెట్టె కింద మందిరం వాళ్ళు నలుగురు, రూప్‌సింగ్, పాషా. సంపూర్ణ ముందు నిలబడి పల్లవి ఎత్తుకుంది.

నడిచి వచ్చిన దారి నీదయ్యా – మేము
నడిపి పంపే దారి ఇదియయ్యా

జనం అందుకున్నారు. ఆమె మొదటి చరణం మొదలుపెట్టింది. మాట లేదు. ఒట్టి రాగం. ఒక వరుస, రెండు, మూడు, నాలుగు, ఎక్కడా కుదించకుండా, ఎక్కడా తొందరపడకుండా నాలుగు వరుసలూ గొంతుతోనే నడిపింది. ముసలితనం వల్ల మాట మరిచిందేమోనని సుకుమార్ దగ్గరికొచ్చి, “అమ్మా, పల్లవే పాడుదం” అన్నాడు మెల్లగా. ఆమె తల అడ్డంగా ఊపి పల్లవి పాడి, రెండో చరణం కూడా అలాగే ఎత్తుకుంది. రెండో పదిలో ఈ మనిషికి మీసం వచ్చి ఉంటుంది, ఎవరినో చూసి సిగ్గుపడి ఉంటాడు. అదంతా ఉంది. ఎవరికీ తెలియదు, అంతే. మూడో చరణానికి వెనక ఎవరో ఆడమనిషి ఆ రాగం అందుకుంది. నాలుగో దానికి అందరూ అందుకున్నారు. తోట మధ్య రోడ్డు మీద ఇరవై మంది మాటల్లేని పాట పాడుతూ నడిచారు. ఆ దారిన పోయే ట్రాక్టరు ఒకటి ఇంజను ఆపుకొని నిలబడిపోయింది.

అయిదోదానికి ఆమె మాట విప్పింది.

గెల కోయ కత్తెత్తి నిలిచేవు – పైన
గూడుంటె చెయి దించి వదిలేవు
పిల్లలెగిరిన నాడె కోసేవు – నీ
పేరడిగినోరెవరు వీరన్నా

మూడు వరుసలు జనం తిరిగి పాడారు, ఆఖరిది ఎవరూ పాడలేదు. గేటు దాకా మిగిలిన దారి పల్లవితో నడిచారు.

మట్టి వేసి అందరూ వెళ్ళాక పాషా చేతులు కడుక్కుంటుంటే, మూడేళ్ళ కింద తన ఇంటి గేటు దగ్గర జరిగిన సంగతంతా ఆమె ఆయనకు చెప్పింది. పాషా చెంబు కింద పెట్టాడు.

“నా గోడకవతల పదకొండేండ్లు పండుకున్నడక్కా. నాకేం కట్టుబాటు లేకుండె. నేను గూడ అడగలే” అన్నాడు.

ఆ ఆదివారం ప్రార్థన ముగిశాక సంపూర్ణ లేచి నిలబడింది. “మా నాయిన పెట్టిన మాట నేను తీసేస్తున్న. చెప్పుకోవాలనుకున్నోళ్ళు బతికుండంగనే వచ్చి చెప్పుండ్రి. సాయంత్రం నాలుగింటి నుంచి నా తలుపు తీసే ఉంటది” అంది. ఎవరో పిల్ల తల్లి కొంగు కిందికి దూరింది.

నాలుగింటికి వరండాలో కుర్చీ వేసి, ఎదురుగా ఇంకో కుర్చీ వేసింది. చాయ్ కాచి పెట్టింది. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. మూడు వారాలు రోజూ రెండు కుర్చీలు వేసి, చీకటి పడగానే రెండూ తీసింది. నాలుగో వారంలో ఒకామె వచ్చింది. సంపూర్ణ లేచి కుర్చీ కొంగుతో తుడిచింది. వచ్చినామె కూర్చోలేదు.

“అమ్మా, ఏమనుకోకు. మా అత్తకు పాణం బాగలేదు. నువ్వు మా ఇంటి ముంగట నుంచి పోతుంటె భయపడ్తున్నది. కొన్నాళ్ళు వెనక బజారు నుంచి పోరాదు?”

“అట్లనే బిడ్డా” అంది సంపూర్ణ. అంతకంటే అనడానికి ఏముంది? కట్టుబాటు ఆమె తీసేసింది గానీ, జనం తీయలేదు. తలుపు తీసినంత మాత్రాన లోపలికి వస్తారని ఎక్కడుంది? నలభై ఏళ్ళు పాతుకున్న భయం ఒక ఆదివారంతో పోతుందా? ఆ సాయంత్రం ఆమె రెండు కుర్చీలూ లోపల పెట్టి, వెనక బజారు నుంచి పాషా దుకాణానికి నడిచింది.

“పాషా, నీకు తెలుగు రాసుడు వస్తది గద?”

“అయిదో తరగతి దాక. కొలతలు రాసుకుంట.”

“నాయి ఏడు చెప్త. రాసుకో.”

పాషా ఆమె మొహంలోకి చూశాడు. కొలతల నోటుబుక్కు తీసి, వెనక నుంచి ఒక కొత్త పేజీ తిప్పి, చెవి మీది పెన్సిలు చేతికి తీసుకున్నాడు. ఆమె చెక్కల కట్ట మీద కూర్చుంది.

మొదటి పదిలో ఒక పసిపిల్లను మట్టి చేస్తుంటే ఆమె తండ్రి వెంట వెళ్ళింది. పల్లవి పాడలేక పెద్దవాళ్ళ గొంతులన్నీ ఆగిపోతే, తొమ్మిదేళ్ళ సంపూర్ణ ఒక్కతే గేటు దాకా పాడింది. రెండో పదిలో కొత్త చెప్పులు వాగులో పోతే తండ్రికి చెప్పకుండా ఏడాదంతా వట్టి కాళ్ళతో బడికి నడిచింది. “మూడోది, కల్లూరు సంబంధం వచ్చింది. పిల్ల చావుపాటలు కడ్తదని తెలిసి పోయిన్రు. నేను పాటలు బంద్ చేస్తనంటె చేసుకునెటోళ్ళే. చెయ్యనన్న.” నాలుగో పదిలో అంగన్‌వాడీలో ఒక పిల్లవాడు మరిచి అమ్మా అని పిలిచాడు. టీచరని దిద్దవలసింది. దిద్దలేదు, ఏడాది పొడుగునా పలికింది. అయిదోది తండ్రి పోయిన ఏడాదిది. ఆయన పాట పాడుతూ సగంలో గొంతు ఆగిపోతే పెట్టె మోసేవాళ్ళు ఎండలో నిలబడ్డారు.

పాషా నిదానంగా, ఒక్కో అక్షరం పెట్టెకు మేకు కొట్టినంత జాగ్రత్తగా రాస్తున్నాడు.

“ఆరోది?”

“ఏం లేదు. రాగం అని రాయి.”

“పదేండ్లల్ల ఏం లేకుంట ఉంటదా అక్కా?”

“ఉండే ఉంటది. చూసినోళ్ళు లేరు.”

పాషా రాగం అని రాశాడు. కింద ఏడు అంకె వేసి ఆగాడు. సంపూర్ణ చీరకంటిన చెక్కపొట్టు దులుపుకుంది. తర్వాత చెప్పింది.

“ఒక మనిషి తన బతుకు చెప్పుకుంటనని నా గేటు కాడికొచ్చిండు. నేను పో అన్న.”

పెన్సిలు కదలలేదు. “గిది ఎందుకక్కా? గింతమందికి పాటలు కట్టినవ్. గది రాస్త.”

“పదికి ఒక్కటే పాషా. గదే రాయి.”

ఆయన తల వంచి రాశాడు. వరుస చివర ఆగి అడిగాడు.

“పేరు గూడ రాయాల్నా?”

“రాయి. వీరన్న అని రాయి.”

పాషా పేరు రాశాడు.